సివంగి, బుడ్డోడు, మా శనగల గోడౌన్

"మీ కుక్కకు కూడు పెట్టరా?" అని నన్ను అడగని మనుషులు ఉరవకొండలో తక్కువ. టీకొట్టు దగ్గర అడుగుతారు, బస్టాండు దగ్గర అడుగుతారు. పెన్నహోబిలం గుడికి పోయినప్పుడు ముక్కూమొగం తెలీని పెద్దామె ఒకరు నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. "ఏమ్మా, నువ్వు మాత్రం బాగానే ఉండావే, ఆ నోరు లేనిదానికి ఇంత సంగటి ముద్ద పడేస్తే ఏం పోతుంది నీకు?" కుక్క సన్నం, నేను లావు అన్న రెండు సంగతులూ ఒకే మాటలో తేల్చేసింది.

సివంగి తినేంత తిండి మా ఇంట్లో ఎవరూ తినరు. పొద్దున రాగి సంగటి, మజ్జిగ, గుడ్లు. సాయంత్రం చికెన్ కొట్టు నుంచి తెచ్చిన కందనకాయలు, కార్జం ఉడికించి అన్నంలో కలిపి పెడతాం. ఉల్లిపాయ పడనివ్వం, ఉడికిన ఎముక అసలే పెట్టం. ఇంత తిన్నా చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడతాయి, పొట్ట లోపలికి లాక్కుపోయి ఉంటుంది, నడుం దగ్గర ఎముకలు కొంచెం తేలి ఉంటాయి. ఈ రకం కుక్కకు ఆరోగ్యమంటే అదే. ఆ ఎముకలు కనపడకుండా పోయిన రోజు నాకు టెన్షన్ మొదలవుతుంది. పరిగెత్తేటప్పుడు ఆ బరువంతా పడేది సన్నటి ముంగాళ్ళ మీదే కదా.

దాని జాతి ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. తల్లి గొర్రెల మంద వెంట తిరిగే కుక్క. ఎర్రగా, మొండిగా, మనిషి ఈల వేస్తే చాలు అర్థం చేసుకునే రకం. తండ్రి బళ్ళారి వైపు నుంచి ఎవరో తెచ్చిన కారవాన్ హౌండ్ అనే పొడుగు కాళ్ళ, సన్నటి వేటకుక్క. మందను మా చేలో పడుకోబెట్టిన కురుబ పెద్దాయన దగ్గర ఈ పిల్లను తీసుకున్నాం. డబ్బులిస్తానంటే ఆయన తీసుకోలేదు. గొర్రెలకు శనగ పొట్టు ఇమ్మన్నాడు, ఇచ్చాం. "అమ్మా, దీనికి కాళ్ళు నాయన్ని పోలినాయి, బుద్ధి తల్లిది వచ్చింటే నీ అదృష్టం" అని చెప్పి పోయినాడు. నా అదృష్టం బాగానే ఉంది. బుద్ధి ముప్పాతిక పాళ్ళు తల్లిదే వచ్చింది.

ఇట్లాంటి కుక్కల్ని ఇంగ్లండులో లర్చర్ అంటారు. అది జాతి కాదు, రకం. ఒక పక్క గ్రేహౌండో విప్పెట్టో ఉండాలి, అంటే వాసన పట్టి కాకుండా కంటితో చూసి వెంటపడే కుక్క. ఇంకో పక్క గొర్రెల్ని కాసే కోలీయో, బెడ్లింగ్టన్ లాంటి టెర్రియరో, ఏదో ఒక పనికుక్క ఉండాలి. అక్కడి సంచార కుటుంబాలు, దొరల అడవుల్లో రాత్రిపూట దొంగవేట ఆడేవాళ్ళు వీటిని పెంచుకున్నారు. కారణం సింపుల్. గ్రేహౌండుకు వేగం ఉంది, గంటకు 70 కిలోమీటర్ల దాకా పోతుంది. కానీ ఒకసారి దేని మీదైనా కన్ను పడితే ఇక యజమాని అరుపు దాని చెవికెక్కదు. కొన్ని వందల మీటర్లు పోయాక ఊపిరీ చాలదు. దానికి కోలీ రక్తం కలిపితే మాట వినే బుద్ధి, దూరం పోయే ఓపిక వస్తాయి. టెర్రియర్ రక్తం కలిపితే మొండితనం వస్తుంది. వేగంలో కొంచెం తగ్గుతుంది, మిగతావన్నీ లాభమే.

మన గొర్రెల కాపరులు ఈ లెక్కను ఏ పుస్తకం చూడకుండానే ఎప్పుడో వేసుకున్నారు. మా నాన్న చిన్నప్పుడు మా ఊళ్ళో ఉన్న వేటకుక్కలన్నీ ఇట్లాంటి కలగలుపులేనట. పొడుగు మూతి, సన్న నడుము, ఊరకుక్క తోక. వాటికి కాగితాలు లేవు, పేర్లే ఉండేవి. ఆ పేర్లు మా నాన్నకు ఇప్పటికీ గుర్తే. చుట్టాల పేర్లు మర్చిపోతాడు కానీ.

అందుకే ఇప్పుడు ముధోల్ పిల్ల కావాలని నాకు ఫోన్ చేసేవాళ్ళతో నాకు పేచీ. ముధోల్ హౌండ్ మీద నాకు గౌరవమే. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ సంస్థానాన్ని ఏలిన మాలోజీరావు ఘోర్పడే వాటిని పోషించాడు, అయిదో జార్జి రాజుకు ఒక జతను కానుకగా ఇచ్చాడని చెప్తారు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద వేసిన నాలుగు స్టాంపుల్లో ఒకటి దీనిదే. సైన్యం కూడా కొన్నిటిని తీసుకుని శిక్షణ ఇచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో మన దేశవాళీ కుక్కల గురించి మాట్లాడుతూ ముధోల్ పేరు ఎత్తారు. అంతే, అప్పటిదాకా "బక్క కుక్క" అని నవ్విన మావాళ్ళకే ఉన్నట్టుండి అది కావాల్సొచ్చింది. కొన్నారు. మేడ మీద గొలుసుతో కట్టేశారు. పరుగు కోసం పుట్టిన ఒళ్ళు మూడడుగుల గొలుసు చివర ఏం చేస్తుంది? పొద్దస్తమానం ఏడుస్తుంది, చెప్పులు నమిలేస్తుంది, గొలుసు తెంపుకున్న రోజు ఎదురింటివాళ్ళ కోళ్ళన్నిటినీ చంపేస్తుంది. అప్పుడు మళ్ళీ నాకే ఫోన్. "అక్కా, మీకు కుక్కలంటే ఇష్టం కదా, తీసుకుంటారా?"

తీసుకోను. నా దగ్గరున్న రెండింటికి పని చూపించడమే నాకు రోజంతా సరిపోతుంది.

ఈ మాట అంటే చాలామంది అడిగేది, "మరి సివంగికి పనేముంది, వేటకు పంపిస్తారా?" అని. పంపించం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా చుట్టుపక్కల ఇది మాటల్లో తెగే విషయం కాదు.

మా నల్లరేగడి చేలల్లో పప్పుశనగ మొలిచి జానెడెత్తు పెరిగిందంటే కృష్ణజింకలు దిగుతాయి. మందలు మందలుగా వస్తాయి. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు వైపు రైతుల్ని ఎవర్నడిగినా చెప్తారు. తిన్నంత తింటాయి, తొక్కినంత తొక్కుతాయి. చూడ్డానికి ఎంత అందమో, రైతుకు అంత కడుపుకోత. రాత్రి కాపలాకు మనుషులు దొరకరు. అట్లాంటప్పుడు పక్క చేను రైతు మా గేటు దగ్గరికొచ్చి, "ఏం వదినా, అంత కుక్కను పెట్టుకుని ఊరికే చూస్తాండావే, ఒక్కసారి విడువు, మళ్ళీ ఈ దిక్కు రావు" అంటే నాకు కోపం రాదు. ఆయన నష్టం నిజం. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, కుక్కల్ని వదిలి వెంటపడనివ్వడం, ఇవి చేయబోవడం కూడా వేటే. కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. పైగా మన రాష్ట్ర జంతువు. నేరం రుజువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. కుందేలుకూ రక్షణ ఉంది. కాబట్టి "కుక్క దానంతటదే పోయింది సార్" అన్న మాట ఎవరి దగ్గరా నిలబడదు.

చట్టం పక్కన పెట్టినా నాకు ఆ పని ఇష్టం లేదు. సూడి జింకను కుక్క తరిమితే ఏమవుతుందో ఆ రైతుకూ తెలుసు. గొర్రెలు పెంచినవాడే ఆయన. ఇంగ్లండులో కూడా లర్చర్లతో హేర్ అనే పెద్ద కుందేళ్ళను తరిమే వేటను 2004లో చట్టం చేసి ఆపేశారు. కుక్కలు మాత్రం పోలేదు. పని మారింది, అంతే.

మా పెద్దవాళ్ళకిది మింగుడుపడదు. ఉగాది మరుసటి రోజు ఊరు ఊరంతా కుక్కల్ని తీసుకుని చేల మీద పడ్డ రోజులు వాళ్ళవి. అహోబిలంలో ఇప్పటికీ కనుమ నాడు నరసింహస్వామి పారువేటకు బయలుదేరి వారాల తరబడి ఊళ్ళన్నీ తిరుగుతాడు. దేవుడే వేటకు పోయే సీమ మనది. హంపి కథ తెలుసు కదా, కుందేలు తిరగబడి వేటకుక్కల్ని తరిమిన చోట హరిహరరాయలు, బుక్కరాయలు రాజధాని కట్టించారని. మా సివంగిని కూడా పిల్లల తల్లికోడి ఒకటి వీధి చివరిదాకా తరిమింది. మేము అక్కడేమీ కట్టలేదు.

జింకలున్న చేలకు పోయేటప్పుడు సివంగి మెడకు తాడుంటుంది, ఆ తాడు నా చేతిలో ఉంటుంది. దీంట్లో మినహాయింపు లేదు. పరుగుకు వేరే చోటు, వేరే వేళ. మా ఊరి చెరువులో నీళ్ళుండేది ఏ మంచి ఏడాదో. మిగతాకాలం అది ఎండి, చదునుగా, అడ్డం లేకుండా పడి ఉంటుంది. తెల్లవారుతూనే మా మరిది కొడుకు టీవీఎస్ ఎక్సెల్ వెనక పొడుగు తాడు కట్టి, తాడు చివర ఎండిన మేకతోలు కట్టి లాక్కుపోతాడు. ముందు రోజు నేనే నడిచి నేలంతా చూస్తాను. నెర్రెలున్న చోటు, సీసా పెంకులున్న చోటు, తుమ్మముళ్ళు పడ్డ చోటు వదిలేస్తాం. తాడు కదిలిన క్షణం దాకా సివంగి ఒళ్ళంతా వణుకుతుంది. విడిస్తే ఇక చూడాలి. ఆ పరుగులో ఒక్కో దూకుకు రెండుసార్లు నాలుగు కాళ్ళూ నేల విడుస్తాయి, ఒకసారి ఒళ్ళు ముడుచుకున్నప్పుడు, ఒకసారి పూర్తిగా చాచుకున్నప్పుడు. వెన్నెముక విల్లులా వంగి సాగుతుంది. మావాడి ఎక్సెల్ చేసే చప్పుడు చూస్తే రాకెట్టే, కానీ సివంగి దాన్ని దాటిపోయి తోలును పట్టేసి, మావాణ్ణి జాలిగా చూస్తుంది.

రెండు పరుగులు, ఎక్కువంటే మూడు. మార్చి నుంచి అయితే ఒక్కటే, ఎండ చురుక్కుమనకముందే. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలుంటుంది. ఇట్లాంటి పరుగు తర్వాత 41 దాటిపోవచ్చు. మా అనంతపురం ఎండలో దానికి బయటి గాలి ఏం సాయం చేస్తుంది? ఆగగానే పొట్ట కింద, తొడల సందుల్లో, పాదాల మీద నీళ్ళు పోస్తాం, నడిపిస్తాం, తాగడానికి కొంచెం కొంచెంగా ఇస్తాం. కడుపు నిండా తిన్నాక మాత్రం పరుగు లేదు. ఛాతీ లోతుగా ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలితిరగడం అనే జబ్బుంది. గంటల్లో ప్రాణం పోతుంది.

చెరువే ఎందుకంటే కంచెలు. మా వైపు పొలాలకు ఇనుప ముళ్ళ తీగ, దాని పక్కన సోలార్ తీగ. పరుగులో ఉన్న కుక్క ముందున్న తోలును చూస్తుంది కానీ మధ్యలో ఉన్న సన్నటి తీగను చూడదు. దీని చర్మం కాగితమంత పలుచన, కింద కొవ్వు లేదు. మామూలు కుక్కకు గీతపడే చోట దీనికి అరచేయంత చిరుగు పడుతుంది. మా ఇంట్లో సెలైన్ సీసా, గాజు గుడ్డ, చుట్టే బ్యాండేజీ ఎప్పుడూ ఉంటాయి. మెడపట్టీ కూడా మామూలుది పనికిరాదు. వీటి తల మెడకంటే సన్నం, వెనక్కి ఒక్క గుంజు గుంజితే పట్టీ మన చేతిలో ఉంటుంది, కుక్క చేలో ఉంటుంది. మూడు వేళ్ళ వెడల్పున, లాగినప్పుడు కొంచెం బిగిసే పట్టీ కావాలి. మా ఊరి చెప్పులు కుట్టే ఆయన చేత చేయించాను. ఎడ్ల మెడ గంటల పట్టీ కొలత చూపిస్తే వెంటనే పట్టేశాడు. పడక సంగతి కూడా చెప్తాను. ఎండాకాలమంతా నాపరాళ్ళ బండల మీద పొర్లుతుంది, చల్లగా ఉంటుందని. కానీ రోజూ బండ మీదే పడుకుంటే మోచేతులు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. అందుకని రెండు గోనెసంచుల్లో పాత గుడ్డలు కుక్కి కుట్టించాం.

రక్తపరీక్ష గురించి ఇంకొంచెం ఎక్కువే చెప్పాలి. ఒకసారి సివంగి రెండు పూటలు సరిగా తినకపోతే ఒక క్లినిక్‌కు తీసుకుపోయాం. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, గోమారి జ్వరం అన్నారు. మా వైపు ఆ అనుమానం రావడం తప్పు కాదు. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా ఇక్కడ ఇంటింటి కుక్కకూ ఉంది, చూసుకోకపోతే చంపేస్తుంది. కానీ గ్రేహౌండ్ లాంటి సన్నటి వేటకుక్కల రక్తం ఉన్నవాటి లెక్కలు వేరు. వాటికి మామూలుగానే ఎర్రకణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు మిగతా కుక్కలకంటే తక్కువ. రిపోర్టులో పక్కన అచ్చువేసిన మామూలు అంకెతో పోలిస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా రోగిలా కనపడుతుంది. రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన రక్తాన్ని గాజుపలక మీద వేయించి మైక్రోస్కోపులో చూశాడు, ఎర్లికియా టెస్టు చేయించాడు. రెండింట్లోనూ ఏమీ లేదు. నోట్లో చూస్తే పన్ను విరిగి ఉంది. అప్పటినుంచి ఒంట్లో బాగున్నప్పుడే ఏడాదికోసారి పరీక్ష చేయించి ఆ కాగితం దాచిపెడుతున్నాం. రేపు నిజంగా జ్వరం వస్తే పోల్చుకోవడానికి దాని లెక్క దానికే ఉంటుంది. మత్తు మందు సంగతి కూడా అంతే. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి థయోపెంటోన్ లాంటి మత్తు దిగడానికి వీటికి చాలాసేపు పడుతుంది, ప్రమాదం కూడా. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించేటప్పుడు, ఇది ఈ రకం కుక్క సార్ అని నోరు తెరిచి చెప్పాలి. డాక్టరుకు తెలిసే ఉంటుంది. అయినా చెప్పాలి.

ఇక బుడ్డోడు.

వీడు బెంగళూరు సరుకు. మా అక్క కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఎనిమిదో అంతస్తులో జాక్ రసెల్ టెర్రియర్‌ను పెంచబోయాడు. సోఫా పోయింది, పక్క ఫ్లాటువాళ్ళతో మాటలు పోయాయి, చివరికి వీడు గుంతకల్లు రైలెక్కి మా దగ్గరికొచ్చాడు. జాక్ రసెల్ అంటే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో డెవన్ వైపు ఉన్న ఒక పాస్టరు పేరు. ఆయనకు దేవుడి పని కంటే నక్కల వేట మీద మోజు ఎక్కువట. ఆక్స్‌ఫర్డులో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడని, ఈ సంతతి దాంతోనే మొదలైందని చెప్తారు. వీటి పని నక్క బొరియలో దూరి, దాన్ని కరవకుండా ఎదురుగా నిలబడి మొరగడం. పైనున్నవాళ్ళు ఆ మొరుగుడును బట్టి ఎక్కడ తవ్వాలో తెలుసుకుంటారు. అందుకే పనికుక్కను ఎంచేటప్పుడు ముంగాళ్ళ వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి చూస్తారు. వేళ్ళు కలిస్తే బొరియలో పడుతుంది, కలవకపోతే ఇంట్లో పడి ఉంటుంది. మా హమాలీ ఒకాయన వీణ్ణి మొదటిసారి ఎత్తినప్పుడు వేళ్ళు సుఖంగా కలిశాయి. "ఇంత బుడ్డోడేందమ్మా" అన్నాడు. పేరు అట్లా స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఊహించండి. మట్టిలో దూరి మొరగడానికి కొన్ని తరాలు ఏరి ఏరి పెంచిన ప్రాణిని ఎనిమిదో అంతస్తులో పెట్టారు. మన కోస్తాలో జోనంగి అని ఒక కుక్క ఉంది, కొల్లేరు వైపుది. అది కూడా చేలో గుంత తవ్వుకుని పడుకుంటుంది, గొంతులో వింతగా పాడినట్టు అరుస్తుంది. దాన్ని ఫ్లాట్‌లో పెట్టినా ఇదే కథ.

మా గోడౌన్‌లో ఫిబ్రవరి నుంచి పప్పుశనగ మూటలు దిగుతాయి. ధర వచ్చేదాకా ఉంటాయి, అంటే ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మూటలకు ముందే ఎలుకలొస్తాయి. తిన్నది కొంచెం, కొరికి కారబోసేది, ఉచ్చపోసి పాడుచేసేది ఎక్కువ. పిల్లిని పెట్టి చూశారు మా అత్తగారు. పిల్లి ఒకదాన్ని పట్టి, తిని, మూట మీద పడుకుంటుంది. దానికి ఆకలి తీరితే పని అయిపోయినట్టు. బుడ్డోడికి ఆకలితో సంబంధం లేదు. హమాలీలు ఒక పక్క నుంచి మూటలు తీస్తూ పోతుంటే వీడు చివరి వరస దగ్గర కాళ్ళు పాతుకుని నిలబడతాడు. మూట లేస్తుంది, ఎలుక దూకుతుంది, వీడు మెడ దగ్గర పట్టి ఒక్క విదిలింపు విదిలిస్తాడు, కింద పడేస్తాడు, తర్వాతి మూట వైపు చూస్తాడు. చచ్చినదాని వైపు మళ్ళీ చూడడు. హమాలీలు వీడి కోసం వరస మార్చుకుంటారు, బీడీలు ఆర్పేసి నవ్వుతారు, పందేలు కూడా కాస్తారని నా అనుమానం.

పందికొక్కులు మాత్రం గోడౌన్ లోపల ఉండవు, వెనక గట్టులో ఉంటాయి. అక్కడ జంటగా పనిచేస్తారు. బుడ్డోడు బొరియ మొదట్లో మట్టి వెనక్కి చిమ్ముతూ, తోక ఒక్కటే బయటికి కనపడేట్టు దూరిపోతాడు. సివంగి గట్టు మీద తల వంచి, చెవులు వెనక్కి పెట్టి నిలబడుతుంది. పందికొక్కు తెలివైంది, బుడ్డోడు దూరిన వైపు రాదు, పది అడుగుల అవతల గడ్డిలో దాచుకున్న ఇంకో నోటి నుంచి బయటపడుతుంది. అది పరుగందుకునేలోపే అయిపోతుంది. ఇది వాళ్ళకు నేర్పించింది నేను కాదు. ఇంగ్లండులో లర్చర్‌ను, టెర్రియర్‌ను జతగా ఎందుకు పెంచుతారో ఎక్కడో చదివాను కానీ, మా వెనక గట్టు దగ్గర చూసేదాకా పూర్తిగా నమ్మలేదు.

గట్టులో పందికొక్కులే ఉంటే బాగుండేది. ఉడుములుంటాయి, అవీ మొదటి షెడ్యూలే. ఇసుక పింజరలుంటాయి, ఇవి మా రాతి గట్లకు కొత్త కాదు. అందుకని తవ్వకానికి ముందు నేను పొడుగు కర్రతో బొరియల నోళ్ళు చూస్తాను. ఉడుము జారినట్టు మట్టి మీద తోక గీత ఉంటే ఆ బొరియ వదిలేస్తాం. చలికాలం పొద్దున పాములు ఎండకు బయటికొచ్చే వేళ అసలు పోము. పాము కరిస్తే ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒకటే. మనుషులకిచ్చేదే కుక్కలకూ ఇస్తారు. అది మీకు దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో అవసరం రాకముందే కనుక్కుని పెట్టుకోండి.

ఎలుకల మందు గురించి నేను గోడౌన్‌లో గట్టిగా పోట్లాడాను. బుడ్డోడు ఉన్న చోట మందు ఉండదు, మందు పెట్టిన చోట బుడ్డోడు ఉండడు. రెండూ కుదరవు. కేకుల్లా అమ్మే బ్రోమాడియోలోన్ తిన్న ఎలుకను కుక్క తింటే దానికీ రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, కానీ కొన్ని రోజులదాకా ఏమీ తెలియదు. తెలిసేసరికి చిగుళ్ళలోంచి, ముక్కులోంచి రక్తం. దానికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. జొన్నల్లో కలిపి పెట్టే నల్లపొడి, జింక్ ఫాస్ఫైడ్, దానికైతే విరుగుడే లేదు. పుచ్చు పురుగుకు గోలీలు పెట్టి టార్పాలిన్ కప్పిన రోజుల్లో మనుషులమే లోపలికి పోము, కుక్కల్ని అసలు ఆ కాంపౌండ్‌లోకే రానివ్వం. పక్క గోడౌన్లవాళ్ళు ఏం పెడతారో నా చేతిలో లేదు కాబట్టి వాళ్ళతో మంచిగా ఉంటాను. ఉగాదికి ఓళిగలు పంపిస్తాను. అది కూడా కుక్కల ఖర్చు కిందే రాసుకుంటాను.

బుడ్డోణ్ణి చూసి ముచ్చటపడి అట్లాంటిది కావాలనేవాళ్ళకు ఒక ప్రశ్న. మీ ఇంట్లో రోజూ తవ్వడానికి, వెతకడానికి, చంపడానికి ఏముంది? ఏమీ లేకపోతే వాడు మీ సోఫాలో వెతుక్కుంటాడు. సివంగి నయం. పరుగు ఇచ్చి తెచ్చాక రోజంతా పడుకునే నిద్రపోతు అది. బుడ్డోడికి నిద్ర కూడా పనే, కాళ్ళు ఆడిస్తూ పోతాడు. ఇద్దరిలో కొత్తవాళ్ళకు ఏది నయమంటే మొహమాటం లేకుండా సివంగి లాంటిదే అంటాను. అందరూ అనుకునేదానికి ఇది తలకిందులు. చిన్నది కదా, ఇంట్లో సర్దుకుంటుందని టెర్రియర్‌ను కొంటారు.

పిల్లలు ఎప్పుడిస్తారని అడిగేవాళ్ళకు కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను, మళ్ళీ ఫోన్ చేయొద్దు. సివంగికి ఆపరేషన్ అయిపోయింది. కలగలుపు కుక్క కావాలంటే మందలు మీ ఊరి చేలలో దిగినప్పుడు పోయి కాపరులతో మాట్లాడండి. తల్లిని చూడండి, గొర్రెల మధ్య ఎట్లా తిరుగుతుందో చూడండి. గొర్రెలతో పెరిగిన పిల్ల గొర్రెల జోలికి పోదు. మన పల్లెల్లో బతకాల్సిన కుక్కకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించండి. జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం రోజు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తారు.

శనగలు దిగే కాలం వచ్చేసింది. ఎలుకల ఉచ్చ నుంచి లెప్టో జబ్బు వస్తుంది, కుక్క నుంచి మనకూ వస్తుంది. అందుకని మొదటి లారీ రాకముందే బుడ్డోడికి ఏటా వేయించే సూది వేయించాలి. సోమవారం తీసుకుపోతున్నాం. గోనెసంచి కప్పి తీసుకుపోతేనే ఆటో ఎక్కుతాడు. పోయినసారి కప్పకుండా ఎక్కిస్తే దారిలో చెత్తకుప్ప చూసి దూకబోయాడు, ఆటోడు ఇప్పటికీ నన్ను చూస్తే మీటర్ మీద అదనంగా అడుగుతాడు.